ఎనభై దగ్గర ఆగిన అంకె

తెర కింద కుడి మూలన ఒక చిన్న అంకె ఉంటుంది. ఏ పనిలో ఉన్నా చూపు ఒకసారి అటు పోయి వస్తుంది. పొద్దున కూర్చున్నప్పుడు 80. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక 80. సాయంత్రం లేచేటప్పుడూ 80. వైరు పెట్టే ఉంది, ఇంట్లో కరెంటు ఉంది, అడాప్టర్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగులుతుంది. అయినా అంకె కదలదు. కదలొద్దని చెప్పింది నేనే. సెట్టింగుల్లోకి వెళ్ళి బ్యాటరీని ఎనభై శాతం దాటి ఎక్కించుకోవద్దని ఎప్పుడో చెప్పి పెట్టాను. లాప్‌టాప్ బుద్ధిగా వింటోంది. మనసే వినడం లేదు. ఆ అంకె కంటపడినప్పుడల్లా లోపల ఒక చిన్న వెలితి కదులుతుంది. ఇంకా ఇరవై ఖాళీగా ఉందే, అదీ ఎక్కించేస్తే ఓ పనైపోయేది కదా అని. నూరు కనబడితే కలిగే నిశ్చింత ఎనభై దగ్గర ఎందుకు కలగదు? కారణం తెలిసి, కావాలని చేసుకున్న ఏర్పాటు కూడా ఒంటికి పట్టకపోవడం ఏమిటి? బ్యాటరీ గురించి ఇంత ఆలోచనా అని ఎవరైనా అనొచ్చు. కానీ రోజూ ఇన్నిసార్లు చూసే అంకె మనసులో ఏదో ఒకటి పేరుస్తూనే ఉంటుందని నా నమ్మకం.

అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి కొన్నాళ్ళు హైదరాబాదులో మా దగ్గర ఉంటుంది. ఆమెకి లాప్‌టాప్‌తో పనేమీ లేదు గానీ, ఇంట్లో ఏ వస్తువు ఏ స్థితిలో ఉందో ఆమె చూపు దాటిపోదు. ఒకరోజు టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, "ఒరే, నీ లాప్‌టాప్ నిండట్లేదురా. పొద్దుట్నించీ అంతే చూపిస్తోంది. వైరు పోయిందేమో చూడు" అంది. నేనే ఆపానమ్మా, ఎప్పుడూ నిండుగా ఉంచితే బ్యాటరీ తొందరగా దెబ్బతింటుంది అన్నాను. ఆమె నమ్మలేదు. "నిండుగా ఉంటే దెబ్బతినడమేంట్రా? రేపు కరెంటు పోతే ఏం చేస్తావు?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొదటి ప్రశ్నకి నా దగ్గర రసాయనశాస్త్రం ఉంది. రెండోదానికి ఏ జవాబూ చెప్పబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న నాలోనూ ఉంది. నూరు చూస్తే నాకు కలిగే నిశ్చింత కూడా అక్కడి నుంచే పుట్టిందని ఆ క్షణాన తట్టింది.

కరెంటు కోతల కాలంలో పెరిగిన ఒళ్ళు ఇది. కోత ఎప్పుడో వీధివారీగా అందరికీ కంఠతా వచ్చేది. మీకు పొద్దునా, మాకు మధ్యాహ్నం అని చుట్టాలు ఫోనులో పలకరింపుగా చెప్పుకునేవారు. 2012 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు పెట్టిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కరెంటు ఉన్నంతసేపూ ఇల్లంతా ఒకటే హడావిడి. మోటారు వేసి ట్యాంకు నింపాలి, బిందెలు నింపాలి, పచ్చడి రుబ్బుకోవాలి, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి, ఫోన్లన్నీ తెచ్చి ఉన్న ఒక్క ప్లగ్గు బోర్డు చుట్టూ పేర్చాలి. అప్పటి లాప్‌టాప్‌కి బ్యాటరీ ఊడదీసే వీలుండేది. వైరు మీద నడిచేటప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెడితే ఎక్కువ కాలం వస్తుందని ఎవరో చెబితే కొందరు అలాగే చేసేవారు. కరెంటు టప్పున పోయేది, టైపు చేసిందంతా పోయేది. అలాంటి రోజుల్లో నూరు శాతం అంటే ధైర్యం. ఆ ధైర్యాన్ని కూడబెట్టుకోవడం తప్పెలా అవుతుంది? ఆ కాలానికి అదే తెలివి.

ఇప్పుడు ఆ కోతలు లేవు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకి సైతం ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైంది. నగరంలో గాలివానకి తప్ప దీపం ఆరిందన్న మాట అరుదుగా వింటున్నాం. కానీ ఒకసారి ఒంట్లోకి వెళ్ళిన భయం సరఫరా మెరుగుపడిందని బయటికి రాదు. చెయ్యి దానంతటదే వైరు వెతుక్కుంటుంది. తొంభై తొమ్మిదికి దిగితే మళ్ళీ గుచ్చుతుంది. ఆ భయాన్ని ఇప్పుడు మోస్తున్నది బ్యాటరీ. నాకు బాధ కలిగేది ఇక్కడే. మనం జాగ్రత్త అనుకుని చేసేదే ఆ వస్తువుని లోపల్లోపల తినేస్తోంటే, దాన్ని జాగ్రత్త అని ఎలా అనగలం?

అసలు బ్యాటరీల గురించి మన ఇళ్ళలో తిరిగే మాటలన్నీ ఒక్కో కాలంలో ఒక్కో లోహం నేర్పినవి. నా చిన్నప్పుడు తాతయ్య ట్రాన్సిస్టర్ గొంతు నీరసించగానే అందులోని ఎర్ర సెల్లులు తీసి పిట్టగోడ మీద ఎండలో పెట్టేవాడు. కాసేపు వేడెక్కితే వార్తలు పూర్తయ్యేదాకా మళ్ళీ పలికేవి. అవి ఛార్జింగ్ ఎక్కే జాతి కాదు. వేడికి లోపలి చర్య కాస్త చురుకెక్కి, మిగిలిన కొసరు బయటికి వచ్చేది, అంతే. కానీ ఎండ బ్యాటరీకి బలం అనే ఊహ మా పిల్లల మనసుల్లో నాటుకుపోయింది. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. షాపతను డబ్బా చేతికిస్తూ, "మొదటిసారి రాత్రంతా ఛార్జింగ్ పెట్టండి సార్, తర్వాత పూర్తిగా అయిపోయాకే మళ్ళీ పెట్టండి" అని మంత్రంలా చెప్పేవాడు. ఆ మాట వట్టిది కాదు, నికెల్ కాలపు మాట. నికెల్-కాడ్మియం బ్యాటరీని సగంలోనే మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తూ పోతే, ఆ సగం దగ్గరికి రాగానే వోల్టేజీ పడిపోయి ఇంతే నా శక్తి అన్నట్టు ప్రవర్తించడం ఉండేది. మెమరీ ఎఫెక్ట్ అన్నారు దాన్ని. తర్వాతి నికెల్ బ్యాటరీల్లో అది తగ్గింది గానీ సలహా తగ్గలేదు. 2000లో వచ్చిన నోకియా 3310తో నికెల్ బ్యాటరీ వచ్చేది. 2003 నాటి నోకియా 1100లో లిథియం అయాన్ వచ్చేసింది. మన ఊళ్ళలో ఇంటింటికీ ఫోను చేరింది ఈ రెండో కాలంలో. అంటే లోహం మారిపోయాకే మనకి ఆ పాత మంత్రం ఎక్కువగా వినబడింది. ఇప్పటికీ కొత్త లాప్‌టాప్ కొన్న కుర్రవాడు దాన్ని పూర్తిగా ఆరిపోయేదాకా నడిపి, అప్పుడే వైరు పెడుతున్నానని గర్వంగా చెబితే, నికెల్ మాట లిథియానికి చెబుతున్నాడే అని మనసు చివుక్కుమంటుంది.

ఈ రెండిటి మధ్య మన ఇళ్ళలోకి ఇన్వర్టర్ వచ్చింది. దాని కింద ఉండే బరువైన పెట్టె సీసం-ఆమ్లం జాతి. నెలకోసారి మూతలు విప్పి మట్టం చూడటం, డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చి పోయడం ఇంటి పనుల్లో ఒకటి. తిరుపతిలో 1985లో మొదలైన అమర రాజా లాంటి సంస్థ దేశమంతా పేరు తెచ్చుకున్నది ఈ జాతి బ్యాటరీలతోనే. సీసం స్వభావం నికెల్‌కి పూర్తిగా ఎదురు. దాన్ని ఖాళీగా వదిలేయకూడదు. వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడి మళ్ళీ కరగవు, పలక ఆ మేరకు చచ్చుబడుతుంది. నిండుగా ఉంచడమే దానికి ఆయుష్షు. ఊరికి వెళ్తూ కూడా ఇన్వర్టర్ స్విచ్చి ఆపకుండా వెళ్ళమని అమ్మ చెప్పేది అందుకే. నిండుగా ఉంటే దెబ్బతినడమేంట్రా అన్న ఆమె మాటలో ఇన్నేళ్ళ అనుభవం ఉంది. ఒక జాతి బ్యాటరీని ఎన్నో ఏళ్ళు సాకి తెలుసుకున్న సత్యం అది. ఇది తెలిశాక ఆమె ప్రశ్న మీద నాకు గౌరవం పెరిగింది. ఆమె చెప్పింది తప్పు కాదు. బల్ల మీదున్నది వేరే జాతి, అంతే.

మరి లిథియానికి ఏం కావాలి? నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ కదిలించిన సంగతి ఒకటుంది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని పట్టుకుంది. పొరలు పొరలుగా ఉండి, పొరల మధ్య లిథియం దాగి ఉంటుంది. ఛార్జింగ్ పెట్టడమంటే ఆ లిథియాన్ని అక్కడి నుంచి లాగి అవతలి వైపున్న గ్రాఫైట్ పొరల్లోకి చేర్చడం. వాడుకోవడమంటే దాన్ని తిరిగి ఇంటికి రానివ్వడం. అకిరా యోషినో 1985లో అవతలి వైపు కార్బన్ పదార్థాన్ని పెట్టి వాడదగ్గ బ్యాటరీకి రూపం ఇచ్చాడు. సోనీ 1991లో మార్కెట్టులోకి తెచ్చింది. గుడినఫ్, యోషినోలకీ, అంతకుముందే 1970లలో దారి వేసిన స్టాన్లీ విట్టింగ్‌హామ్‌కీ కలిపి 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడినఫ్‌కి 97 ఏళ్ళు, ఇంకా టెక్సస్‌లోని ఆస్టిన్‌లో బ్యాటరీల మీదే పని చేస్తున్నాడు. నన్ను కదిలించిన సంగతి మాత్రం ఆయన వయసు గురించి కాదు. ఆ కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఉన్న లిథియం మొత్తాన్ని ఎవరూ బయటికి లాగరు. దాదాపు సగం దగ్గర ఆపేస్తారు. అంతకు మించి లాగితే పొరల కట్టడం నిలవదు. ఆ ఆగే చోటుని వోల్టేజీతో కొలుస్తారు, మామూలుగా ఒక సెల్లుకి 4.2 వోల్టులు. అక్కడికి చేరగానే తెర మీద 100 అని వేస్తారు. కొన్ని కొత్త సెల్లుల్ని 4.35 దాకా, 4.4 దాకా తీసుకెళ్ళి దాన్నే 100 అంటున్నారు.

అంటే నూరు అనేది ప్రకృతి గీసిన గీత కాదు. ఎంత సామర్థ్యం చూపించాలి, ఎంత కాలం మన్నాలి అని రెండూ బేరీజు వేసి ఎవరో ఇంజనీర్లు ఒప్పుకున్న చోటు అది. నా ఎనభై కూడా అలాంటిదే, అదే దారిలో కాస్త ముందుగా ఆగిన చోటు. ఈ ఒక్క ముక్క తెలిశాక నా వెలితి సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది, అది చదువుతో పోయేది కాదు.

పై వోల్టేజీ దగ్గర లోపల జరిగేది నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. రెండు వైపుల మధ్యా ఉండే ఎలక్ట్రోలైట్ ద్రవం ఆ ఒత్తిడికి కొద్దికొద్దిగా విరిగిపోతుంది. గ్రాఫైట్ మీద మొదటి ఛార్జింగులోనే ఒక సన్నని పొర కడుతుంది. అది లేకపోతే బ్యాటరీయే లేదు, కానీ అది మందమైన కొద్దీ లిథియాన్ని తనలో ఇరికించుకుంటుంది. అలా ఇరుక్కున్న లిథియం ఇక ప్రయాణం చేయదు. నిండుగా ఉన్నంతసేపూ ఈ పని కాస్త వేగంగా సాగుతుంది. వాడకపోయినా సాగుతుంది. రాత్రంతా వైరు పెడితే పొంగిపోతుందేమో, పేలుతుందేమో అని భయపడేవాళ్ళున్నారు. ఆ భయం అక్కర్లేదు, నిండగానే లోపలి సర్క్యూట్ ఎక్కించడం ఆపేస్తుంది, లాప్‌టాప్ నేరుగా అడాప్టర్ మీద నడుస్తుంది. అసలు బెడద నిండిన తర్వాత గంటలూ నెలలూ అదే పై గట్టున నిలబెట్టడం. బ్యాటరీల గురించి రాసేవాళ్ళు తరచూ చెప్పే ఒక మోటు లెక్క ఉంది. పై వోల్టేజీని 0.1 వోల్టు తగ్గిస్తే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని. ప్రతి సెల్లుకీ అచ్చంగా అలాగే ఉండదు గానీ, దిశ మాత్రం అదే. ఎనభై దగ్గర ఆపడమంటే దాదాపు రెండు పదోవంతుల వోల్టు కిందికి దిగడం.

ఇంటి నుంచి పని మొదలయ్యాక ఈ సంగతి కళ్ళకి కనబడేలా బయటపడింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అక్కడ లాప్‌టాప్‌లు బాగుచేసే ఒకాయన చిన్న స్క్రూడ్రైవర్‌తో నా పాత యంత్రం అడుగు విప్పుతూ, లాక్‌డౌన్ తర్వాత ఉబ్బిన బ్యాటరీలు ఎన్ని వచ్చాయో చెప్పాడు. జనం టచ్‌ప్యాడ్ నొక్కుడు పడట్లేదని తెచ్చేవారట. విప్పి చూస్తే కింద బ్యాటరీ పొంగి టచ్‌ప్యాడ్‌ని పైకి నెట్టేది. "ఇవన్నీ బల్ల మీంచి కదలనివి సార్. ఏడాదికి ఏడాది వైరుకే ఉంటాయి, నూరు మీదే ఉంటాయి, వేడి మీద ఉంటాయి" అన్నాడు. ఎలక్ట్రోలైట్ విరిగినప్పుడు పుట్టే వాయువే ఆ ఉబ్బు. అలా కనబడితే నొక్కి చదును చేయబోకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ ఆపేసి మార్పించుకోవాలి. ఆయన ఆ ఉబ్బినదాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టిన తీరు చూశాను. ఈ ఊళ్ళో లిథియం స్వభావం ఎరిగినవాళ్ళలో అతనొకడని అనిపించింది.

వేడి అన్నాడు కదా. మనకి అసలైన శత్రువు అదే. చల్లని దేశాల్లో రాసిన సలహాల్లో ఎనభై గురించి పేజీలు పేజీలు ఉంటాయి, వేడి గురించి ఒక వాక్యం ఉంటుంది. మా పల్నాడులో కూర్చుని రాస్తే అది తలకిందులవుతుంది. రెంటచింతల పేరు ఏటా ఎండల వార్తల్లో వినబడేదే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అనుకునే చోట ఇంటి లోపలి గాలే నలభైకి దగ్గరవుతుంది. ఆపిల్ తన యంత్రాలకి 16 నుంచి 22 డిగ్రీలు హాయి అనీ, 35 దాటిన చోట వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినొచ్చనీ చెబుతుంది. మన మే నెలలో 35 అంటే పొద్దున్నే దాటిపోయే మెట్టు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని చదువుకున్నాం కదా, అది బ్యాటరీ క్షయానికీ చాలావరకు వర్తిస్తుంది. నిండుదనమూ వేడీ కలిస్తే ఒకదానికొకటి తోడవుతాయి. సుమారు 25 డిగ్రీల గదిలో 40 శాతంతో ఏడాది దాచిన బ్యాటరీలో 96 శాతం సామర్థ్యం మిగిలితే, 40 డిగ్రీల్లో నూరుతో దాచినదానిలో 65 మిగులుతుందని తరచూ చూపించే పట్టిక ఒకటుంది. ఆ రెండో గడి చూసినప్పుడల్లా నాకు మండువేసవిలో తలుపులేసి ఉన్న మా ఊరి ఇల్లు కళ్ళ ముందు కదులుతుంది.

అందుకని వేసవిలో నా అలవాట్లు అంకె చుట్టూ కంటే వేడి చుట్టూ తిరుగుతాయి. ఛార్జింగ్ తెల్లవారుజామున, ఇల్లు చల్లబడి ఉన్నప్పుడు. మంచం మీద, దిండు మీద, పరుపు మీద పెట్టి వాడటం లేదు. అడుగునున్న గాలి రంధ్రాలు గుడ్డకి మూసుకుపోతే ఫ్యాను ఎంత అరిచినా వేడి ఎటూ పోదు. వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పనీ ఛార్జింగూ ఒకే సమయంలో పెట్టుకోను. పార్క్ చేసిన కారులో లాప్‌టాప్ బ్యాగు ఉంచను, ఐదు నిమిషాల్లో వచ్చేస్తానన్నా సరే. ఎండ బ్యాటరీకి బలం అని పిట్టగోడ నేర్పిన పాఠాన్ని ఇన్నాళ్ళకి తిరగరాసుకోవాల్సి వచ్చింది.

అడుగంటనివ్వడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లిథియానికి పూర్తి ఖాళీ కూడా కష్టమే. సున్నా దాకా లాగి ఒకేసారి నింపడం కంటే, ముప్ఫై నలభైకి దిగి మళ్ళీ కాస్త ఎక్కడం దానికి తేలిక. కొంచెం కొంచెంగా ఎన్నిసార్లు పెట్టినా ఫరవాలేదు. అన్నీ కలిపి నూరు శాతం వాడకం అయితేనే ఒక సైకిల్ లెక్క. వాడని లాప్‌టాప్‌ని సున్నాతో బీరువాలో పెట్టి నెలల తరబడి మర్చిపోతే వోల్టేజీ ప్రమాదకరమైన మట్టానికి జారుతుంది, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, రక్షణ సర్క్యూట్ తలుపు వేసేస్తుంది. ఇక అది లేవదు. సగం ఎక్కించి, పూర్తిగా ఆపి, ఇంట్లో చల్లటి చోట పెట్టడమే దానికి మంచిది. ఎప్పుడూ ఎనభైకే కట్టేసి ఉంచితే మిగిలిందెంతో అంచనా వేసే లెక్క కూడా కాస్త దారి తప్పుతుంది. కొన్ని నెలలకోసారి నూరు దాకా ఎక్కించి, కిందిదాకా వాడి, మళ్ళీ ఎక్కిస్తే లెక్క సరిపడుతుంది.

ఇదంతా చెప్పాక కూడా ఒక అనుమానం నన్ను వదలదు. మన ఇళ్ళలో టీవీ రిమోట్‌కి తొడిగిన ప్లాస్టిక్ కవరు చూస్తుంటాం. రిమోట్ పాడవకూడదని తొడుగుతాం, అంకెలు మసకగా కనబడుతుంటే నొక్కుతూ బతికేస్తాం, రిమోట్ కొత్తగానే ఉండి టీవీ పోతుంది. నా ఎనభై కూడా ఆ కవరేనా? ఎప్పుడో బ్యాటరీ ఎనభైకి పడిపోతుందని భయపడి, ఈరోజే దాన్ని ఎనభైతో బతికిస్తున్నానా? రేపు రాబోయే లోటుని ఇవాళే నెత్తికెత్తుకోవడం కాదూ ఇది? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేను. మనవాళ్ళ జీవితాల్లో దాచుకుని దాచుకుని వాడకుండా మిగిలిపోయినవి నేను చాలా చూశాను. బీరువాలో మడతలు చిరిగిన పట్టుచీరలు, పెట్టెలోనే ఉండిపోయిన స్టీలు సామాను.

చాలాసేపు తర్కించుకున్నాక నాకు దొరికిన తేడా ఇది. కవరు తీస్తే రిమోట్ పాతబడటం మొదలవుతుంది. ఎనభై హద్దుని మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తేయొచ్చు, ఆ వెనకాల దాచిన ఇరవై నిజంగా ఉంటుంది. అరిగిపోయిన ఇరవై ఏ బొత్తాం నొక్కినా తిరిగి రాదు. బల్ల దగ్గరే రోజు గడిచే నాలాంటివాళ్ళకి ఎనభై వల్ల పోయేదేమీ లేదు, ఆ ఇరవైని వాడే సందర్భమే రాదు. విజయవాడ రైలెక్కే ముందు రాత్రి నూరుకి ఎక్కిస్తాను, దారిలో హాయిగా వాడుకుంటాను. ఏ బాధా పడను.

మా అన్నయ్య కూతురు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఈ మధ్య ఫోనులో నా పద్ధతి విని, "బాబాయ్, నేనూ ఎనభైకి పెట్టేస్తా" అంది. వద్దమ్మా అన్నాను. ఆమె హాస్టల్ గదిలో ఉన్న ప్లగ్గుల్ని అందరూ పంచుకోవాలి, క్లాసు గదిలో ప్లగ్గు దొరకదు, లాబ్ రికార్డులు రాత్రి ఎప్పుడో రాసుకుంటుంది. ఆమెకి నూరు కావాలి, పొద్దున నూరుతో బయల్దేరి సాయంత్రానికి ఇరవైతో రావాలి. నిండుగా ఉన్న కాసేపటికే వాడకం మొదలవుతుంది కాబట్టి అందులో పెద్ద నష్టం కూడా లేదు. ఆమెకి నేను చెప్పింది ఒక్కటే, పరుపు మీద పెట్టి రాయకు. బ్యాటరీని కాపాడటానికి పిల్ల చదువు కుదించుకుంటే ఆ జాగ్రత్తకి అర్థమేముంది? వాడుకోవడానికే కొన్నాం. జాగ్రత్త మితిమీరడం ఇంకోలా కూడా నాకు అనుభవమే. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, తయారైనప్పటి సామర్థ్యమెంత, ఇప్పుడు నిండితే పట్టేదెంత అని పక్కపక్కనే చూపిస్తుంది. మొదట్లో దాన్ని మాటిమాటికీ చూసే ఆత్రం పట్టుకుంది. ఆ అంకె ఎప్పుడూ కిందికే వెళ్తుంది, ఎంత బాగా చూసుకున్నా. వయసుతో అరగడం దాని ధర్మం, వేగం మాత్రమే మన చేతిలో ఉంది. ఇప్పుడు ఎప్పుడైనా గుర్తొస్తేనే చూస్తున్నాను.

ఎందుకింత పట్టింపు అంటే, ఆ పలచటి బ్యాటరీలోకి చేరినవి ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో తలుచుకుంటే చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. కోబాల్ట్‌లో ఎక్కువ భాగం కాంగో నేల నుంచి, చిన్నపిల్లలు కూడా పని చేసిన గనులున్న నేల నుంచి. లిథియం చిలీలోని అటకామా ఉప్పు మైదానాల నుంచి, ఆస్ట్రేలియా రాళ్ళ నుంచి. అంత దూరం వచ్చినవి రెండేళ్ళలో ఉబ్బి చెత్తబుట్ట దారి పట్టడం నాకు మింగుడుపడదు. మన దగ్గర 2022లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి, వాడేసినవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే అన్నాయి. అయినా పాత సామాన్ల బండి మీద ఉబ్బిన లాప్‌టాప్ బ్యాటరీ ఇనుప ముక్కల మధ్య ఎండలో పడి ఉండటం చూస్తూనే ఉన్నాను. తిరుపతిలో సీసంతో మొదలైన ఆ అమర రాజా సంస్థే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి 2023లో పునాది వేసింది. మన నేల మీదే ఈ సెల్లులు తయారయ్యే కాలంలో, వాటి స్వభావం మన ఇళ్ళలో మామూలు మాటగా తెలిసి ఉండాలని నా కోరిక. డిస్టిల్డ్ వాటర్ పోయడం అందరికీ తెలిసినట్టే ఇదీ తెలియాలి.

బాధ్యతంతా వాడేవాళ్ళ మీద వేయడం కూడా న్యాయం కాదు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్ళే విప్పి మార్చుకునేలా ఉండాలి. అలాంటిది మనకీ కావాలి. లెనోవో, ఆసుస్, డెల్ లాంటి కంపెనీల యంత్రాల్లో ఎనభైకి ఆపే ఏర్పాటు ఏనాటి నుంచో ఉంది. ఆపిల్ కూడా కొన్నేళ్ళుగా మన అలవాటు గమనించి ఎనభై దగ్గర నిదానించే పద్ధతి పెట్టింది. కానీ మొదట చెప్పిన కంపెనీల్లో అది మెనూల లోపల, ఒక అప్లికేషను అడుగున, మామూలు మనిషి ఎన్నడూ తెరవని చోట ఉంటుంది. కొన్నరోజున చాలావాటిని నూరుకే పెట్టి ఇస్తారు. కొత్త లాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు అది మనల్ని చాలా అడుగుతుంది. ఏ భాష, ఏ దేశం, ఏ వైఫై, ఏ ఖాతా, వేలిముద్ర ఇస్తారా, ముఖం చూపిస్తారా. ఆ వరసలోనే ఇంకో ప్రశ్న కలపమని నేను అడుగుతాను, అదీ తెలుగులో, అమ్మ చదివినా అర్థమయ్యేలా: మీరు దీన్ని ఎక్కువగా ఇంట్లో వైరు పెట్టి వాడతారా, లేక బయటికి తీసుకెళ్తారా?